అడాజన్: తపతి అవతలి గట్టు చరిత్ర, జనజీవనం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, తపతి నదికి పడమటి గట్టున ఉన్న పెద్ద నివాస ప్రాంతం అడాజన్. ఇవాళ అక్కడ కనిపించేవి అపార్టుమెంట్లు, షాపింగ్ కాంప్లెక్సులు, వెడల్పాటి రోడ్లు. కానీ మధ్యలో ఒక ముక్కను జనం ఇప్పటికీ ‘అడాజన్ గామ్’ అనే పిలుస్తారు. గుజరాతీలో గామ్ అంటే ఊరు. పల్లెను పట్నం మింగేసినా పేరు మాత్రం మిగిలింది.

సూరత్ అనగానే మనకు చీరలు, వజ్రాలు, మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ నేతన్నలు గుర్తొస్తారు. వాళ్లలో ఎక్కువ మంది ఉండేది నదికి ఇవతల, లింబాయత్, ఉధ్నా వైపు. అడాజన్ అవతలి గట్టు. ఈ రెండు గట్ల తేడా అర్థమైతే సూరత్ చాలా వరకు అర్థమైనట్టే.

ఎక్కడుంది?

మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టిన తపతి, 724 కిలోమీటర్లు ప్రవహించి సూరత్ దాటాక ఖంబాత్ సింధుశాఖలో కలుస్తుంది. స్థానికులు దీన్ని తాపీ అంటారు. నగరం దగ్గర నది వంపు తిరుగుతుంది. పాత కోట, చౌక్ బజార్ ఎడమ గట్టున ఉంటే, రాందేర్, అడాజన్, పాల్ కుడి గట్టున ఉన్నాయి. అడాజన్‌కు ఉత్తరాన రాందేర్. పడమటి వైపు రోడ్డు ఎరువులు, ఉక్కు, గ్యాస్ కర్మాగారాలున్న హజీరాకు పోతుంది.

రాందేర్, సింగణ్‌పోర్ మధ్య నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టకు ఎగువన మంచినీళ్లు నిలుస్తాయి. దిగువనున్న అడాజన్ దగ్గర నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. పల్లపు నేల, పక్కనే నది, ఎదురుగా సముద్రం. ఈ ప్రాంతపు అదృష్టం, ఆపద రెండూ ఇందులోనే ఉన్నాయి.

పాత ఓడరేవు పొరుగున

అడాజన్ చరిత్రను రాందేర్‌తో కలిపి చదవాలి. సూరత్‌కు పేరు రాకముందే రాందేర్ పెద్ద రేవు. అరబ్ వర్తకులు అక్కడ స్థిరపడి తూర్పు సముద్రాలతో వ్యాపారం చేశారు. పదహారో శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తే బర్బోసా ఆ పట్నపు సంపద గురించి రాశాడు. 1530లో పోర్చుగీసు నౌకాదళం సూరత్‌తో పాటు రాందేర్‌నూ దోచి తగలబెట్టింది. ఆ తర్వాత వ్యాపారం క్రమంగా ఎదుటి గట్టుకు మళ్లింది.

రాందేర్ వర్తకులు మాత్రం సముద్రాన్ని వదల్లేదు. బ్రిటిష్ కాలంలో రంగూన్ వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ వాళ్లను ‘సూర్తీలు’ అనేవారు. అదే రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో అధిక భాగం మన తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. ఒకే రేవులో సూర్తీది దుకాణం, కోరంగీది మూపు. 1942లో జపాన్ దాడితో ఇద్దరూ బర్మా వదిలి పారిపోవాల్సి వచ్చింది.

ఆ బంధం ఇప్పటికీ రాందేర్ వీధుల్లో రుచి చూడొచ్చు. బర్మా ‘ఖావ్ స్వే’ ఇక్కడ ‘ఖావ్‌సా’గా మారి వీధి తిండి అయింది. సూరత్ అంతటా దొరికే ఆలూ పూరీకి కూడా పేరు రాందేర్‌దే.

సూరత్, మచిలీపట్నం, గోల్కొండ

సూరత్‌కు, తెలుగు నేలకు సంబంధం మరమగ్గాలతో మొదలైంది కాదు. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. ఆ వెంటనే 1613లో సూరత్‌లో మొగల్ అనుమతితో స్థావరం నెలకొల్పింది. డచ్చివాళ్లు కూడా ఈ రెండు చోట్లా కొట్లు తెరిచారు. వాళ్లందరికీ కావలసింది బట్ట.

రెండో సరుకు వజ్రం. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలో సూరత్‌లో దిగి గోల్కొండకు ప్రయాణించాడు. ఆ దారిని, కృష్ణా తీరంలోని కొల్లూరు గనులను తన పుస్తకంలో వర్ణించాడు. కొల్లూరు గనులు ఎప్పుడో మూతపడ్డాయి. ఇప్పుడు ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో అత్యధికం సూరత్‌లోనే తయారవుతున్నాయి, ముడిరాయి విదేశాల నుంచి వస్తుంది. గని పోయిన చోట పని మిగల్లేదు. పనితనం ఉన్న చోటికి గని లేకపోయినా రాయి వస్తోంది.

వంతెనలు తెచ్చిన మార్పు

1877లో హోప్ వంతెన కట్టేదాకా రెండు గట్లను కలిపింది పడవలే. సూరత్‌లో కలెక్టర్‌గా చేసిన థియోడర్ హోప్ పేరు దానికి పెట్టారు. ఆ వంతెన పడ్డాక కూడా అడాజన్ చాలాకాలం చేలూ తోటల మధ్య పల్లెగానే ఉంది. 1966లో సూరత్ మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. తర్వాత నగర హద్దులు నది దాటాయి. ఆఠ్వా వైపు నుంచి సర్దార్ వంతెన వచ్చాక పాత నగరంలోని ఇరుకు నుంచి మధ్యతరగతి కుటుంబాలు అడాజన్‌కు తరలడం వేగం పుంజుకుంది.

పాత పల్లె జీవితానికి గుర్తుగా శీతాకాలంలో ‘పోంక్’ అమ్మే పందిళ్లు ఈ గట్టున వెలుస్తాయి. పాలు పట్టిన జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, కొట్టి, గింజలు రాలుస్తారు. మన ఊచబియ్యమే అది. నిమ్మరసం, మిరియం కలిపిన సన్న కారప్పూసతో కలిపి తింటారు. నగరం విస్తరించిన కొద్దీ జొన్న చేలు దూరం జరిగిపోయాయి. కంకులు ఇప్పుడు బయటి నుంచి వస్తున్నాయి.

ఎవరు ఏ గట్టున?

అడాజన్‌లో ప్రధానంగా పాత సూరత్ నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబాలు, జైనులు, వ్యాపారులు, ఉద్యోగులు ఉంటారు. రాందేర్‌లో తరతరాల ముస్లిం కుటుంబాలున్నాయి. హజీరా వైపు తీర గ్రామాల్లో కోళీ పటేళ్లు ఎక్కువ. వజ్రాల పనిలో ఉన్న సౌరాష్ట్ర పటేళ్లు మాత్రం నగరానికి మరో కొసన వరాఛా, కతార్‌గామ్‌లలో స్థిరపడ్డారు.

తెలుగువాళ్ల కథ వేరు. చేనేత దెబ్బతిని, కరువు తోడై, వరంగల్, కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు మొదట షోలాపూర్, భివండీ, బొంబాయి వెళ్లారు. ఆ తర్వాత సూరత్ పట్టారు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు నష్టాల్లో కూరుకుపోయి 2002లో మూతపడింది. విజయవాడ, వరంగల్, భుసావల్ మీదుగా అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ వలసకు ఇనుప దారి.

మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి. ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు లేసులు కుట్టడం, రాళ్లు అతకడం చేస్తారు. ఒక్కో చీరకు ఇంత అని ఇస్తారు. షెడ్డుకు నడిచి పోగలిగే దూరంలో ఇల్లు ఉండాలి కాబట్టి లింబాయత్, ఉధ్నా, డిండోలీ చుట్టుపక్కలే తెలుగు బస్తీలు పెరిగాయి. మార్కండేయుడి గుళ్లు, బతుకమ్మ ఆటలు అక్కడికీ చేరాయి. సూరత్ నగరపాలక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. సొంత రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం సన్నగిల్లుతున్న కాలంలో ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ప్లేగు, ఒక తెలుగు కమిషనర్

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టగానే లక్షలాది మంది నగరం విడిచి పారిపోయారు. మురుగు, పేరుకున్న చెత్త అసలు జబ్బుగా తేలాయి. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు అధికారాలను జోన్లకు పంచారు. అధికారులు రోజూ పొద్దున వీధుల్లో ఉండాలని పట్టుబట్టారు. అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు పలుకుబడి ఉన్నవాళ్లను వదల్లేదు. ఏడాదిన్నర తిరక్కుండానే దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరంగా సూరత్ పేరు తెచ్చుకుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

2006: నది తిరగబడిన రోజులు

అడాజన్ ఎప్పటికీ మరచిపోలేనిది 2006 ఆగస్టు. నగరానికి ఎగువన, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్ ఉంది. ఆగస్టు తొలివారానికే అందులో నీళ్లు చాలా వరకు నిండి ఉన్నాయి. ఎగువన కుండపోత వాన. వచ్చిన వరదను ఆపే ఖాళీ లేక గేట్లెత్తారు. విడుదల ఒక దశలో 9 లక్షల క్యూసెక్కులు దాటింది. నగరం దగ్గర నది భరించగలిగింది అందులో సగం కూడా కాదు. నాలుగింట మూడొంతుల నగరం మునిగింది. పల్లంలో ఉన్న అడాజన్, రాందేర్‌లలో జనం రోజుల తరబడి కరెంటు, తాగునీరు లేకుండా పై అంతస్తుల్లో గడిపారు.

తర్వాత జరిగిన వాదన మనకు కొత్తది కాదు. సాగుకు, విద్యుత్తుకు జలాశయం నింపుకోవాలా, వరదకు చోటు ఉంచాలా? 2009లో కర్నూలు, 2024లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ కారణాలు వేరైనా, నీటి దారిలో ఇళ్లు కట్టిన సంగతి మాత్రం ఒకటే. సూరత్‌లో ఆ తర్వాత కరకట్టలు పెంచారు, ముందస్తు హెచ్చరికల ఏర్పాటు చేశారు. అయినా గట్టు మీద కొత్త అపార్టుమెంట్లు లేవడం ఆగలేదు.

రెండు గట్లను కలిపే రైలు

2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రోలో రెండో మార్గం భేసాన్ నుంచి సరోలీ వరకు, సుమారు 18.7 కిలోమీటర్లు. ఇందులో అడాజన్ గామ్ ఒక స్టేషన్. రైలు నది దాటి మజూరా గేట్, ఉధ్నా దర్వాజా, అంజనా ఫార్మ్ మీదుగా తూర్పుకు పోతుంది. అంటే నది అవతలి కాలనీలను, తెలుగు నేత బస్తీలున్న వైపును ఒకే పట్టా కలుపుతుంది.

మరోవైపు, వలస పోయిన నేతన్నలను వెనక్కి రప్పిస్తామంటూ తెలంగాణ ప్రభుత్వం 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసింది. కానీ సూరత్‌లో ఉన్నది మగ్గం ఒక్కటే కాదు. నూలు, అద్దకం, అచ్చు, లేసు, దళారీ, మార్కెట్ అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. అక్కడే పుట్టి, గుజరాతీ మాట్లాడుతూ పెరిగిన రెండో తరం పిల్లలకు వరంగల్ అమ్మమ్మ ఊరు మాత్రమే. ఆ కుటుంబాలు తిరిగి రావాలంటే ఒక పార్కు చాలదు, ఆ అల్లిక మొత్తం ఇక్కడ ఏర్పడాలి. అది జరిగేదాకా వాళ్ల బతుకు తపతి ఒడ్డునే. ఎన్నికల వేళ తప్ప మిగతా రోజుల్లో వాళ్ల కూలి రేటు, ఇంటి పట్టా, పిల్లల బడి గురించి అడగాల్సిన బాధ్యత రెండు రాష్ట్రాలకూ ఉంది.