బుడాపెస్ట్‌కి రెండు దారులు

ఎపిసోడ్‌లో సెర్న్ గురించి మాట్లాడుకున్నాం కదా, టైమ్ చాలక వదిలేసిన కేబుళ్ల సంగతి ఇక్కడ రాస్తున్నా.

జెనీవా దగ్గర భూమి కింద 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం ఉంది. అందులో ప్రోటాన్లు ఢీకొంటే వచ్చే డేటా ఒక్కచోట దాచి లెక్కలు కట్టేంత కాదు. అందుకే వేరే దేశాల్లోని 11 పెద్ద కంప్యూటర్ కేంద్రాలకి విడిగా ఫైబర్ లైన్లు తీసుకున్నారు. మొదట్లో ఒక్కో లైను సెకనుకి 10 గిగాబిట్లు. మామూలు ఇంటర్నెట్ ట్రాఫిక్ అందులోకి రాదు, బస్ లేన్‌లోకి కార్లు రానట్టు.

2012 జులై 4న హిగ్స్ కణం దొరికిందని చెప్పినప్పుడు, అప్పటి డైరెక్టర్ రోల్ఫ్ హోయర్ మూడింటికి పేరిచ్చాడు: యాక్సిలరేటర్లు, ప్రయోగాలు, గ్రిడ్ కంప్యూటింగ్. ట్రెంచి తవ్వినోళ్లు నా లెక్కలో ఆ మూడోదాంట్లో ఉన్నారు.

తర్వాతి ఏడాది సెర్న్ హాల్లో కరెంటు, కూలింగ్ చాలక బుడాపెస్ట్‌లోని విగ్నర్ సెంటర్‌లో రెండో హాలు తెరిచారు. మధ్యలో రెండు లైన్లు, ఒక్కోటి 100 గిగాబిట్లు. వెలుగు వెళ్లి రావడానికే 20 మిల్లీసెకండ్లు దాటుతుంది. ఆ రెండు లైన్లనీ వేర్వేరు కంపెనీల దగ్గర, వేర్వేరు దారుల్లో తీసుకున్నారు.

ఎందుకో సైట్‌లో పనిచేసే మన తమ్ముళ్లకి చెప్పక్కర్లేదు. కేబుల్ పైన వార్నింగ్ టేప్ పరవకుండా నేను మట్టి పోయనివ్వను. అయినా జేసీబీ బకెట్‌కి చదవడం రాదు కదా! డక్టులు రెండున్నా ట్రెంచి ఒకటే అయితే, ఒక్క దెబ్బకి రెండూ తెగుతాయి.

ఆ డేటాలో కొంత మన దేశానికీ వస్తుంది: ముంబైలో టీఐఎఫ్‌ఆర్‌కి, కోల్‌కతాలో వీఈసీసీకి.