వెన్ను నీటి కథ

వాడరేవులో స్థిరపడిన మా పెన్షనరు మిత్రుడొకరికి ఛాతీలోని బృహద్ధమని ఉబ్బిందనీ, ఆపరేషనులో వెన్ను నుంచి నీరు తీస్తారనీ చెప్పగా ఇంటిల్లిపాదీ హడలిపోయారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1891లో జర్మన్ వైద్యుడు క్వింకే నడుము వద్ద సూదితో ఈ నీరు తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ధమనిని బిగించి కుట్టేటప్పుడు వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు పడిపోవచ్చు. నీటి ఒత్తిడి తగ్గిస్తే రక్తం సులువుగా అందుతుందని 1960ల ఆరంభంలో కుక్కలపై ప్రయోగించి చూశారు. 1991లో వెలువడిన అమెరికా డాక్టరు క్రాఫర్డ్ పరిశీలనలో లాభం కనబడలేదు. అందులో 50 మి.లీ. మించి తీయలేదు. 2002లో కొసెల్లీ బృందం 145 మందిని పరిశీలించగా, నీరు తీయనివారిలో 13 శాతం మందికి, తీసినవారిలో 2.6 శాతం మందికే కాళ్లు దెబ్బతిన్నాయి.

అయితే పెద్దవారిలో ఆ నీరు మొత్తం సుమారు 150 మి.లీ. మాత్రమే. కాలువ లాకులు ఒక్కసారిగా ఎత్తితే గట్లు తెగినట్లే, నీరు అతిగా తీస్తే మెదడు కిందికి జారి, సిరలు తెగి రక్తం గూడుకట్టవచ్చు. తలనొప్పి, మెదడు పొరల వాపు, గొట్టం వద్ద రక్తస్రావం కూడా కలగవచ్చు.

కనుక మిత్రులారా, రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి. ఆపరేషను తరువాత తీవ్రమైన తలనొప్పి గాని, కాళ్లలో తిమ్మిరి గాని వస్తే మొహమాటపడక వెంటనే నర్సును పిలవండి.