పిప్ సెర్చ్ ఎలా పుట్టింది, ఎందుకు ఆగింది

ఎవరో రాసిపెట్టిన లైబ్రరీని, పేరు తెలిస్తే తెచ్చుకోవడం తేలిక. పేరే తెలియకపోతే? తేదీల లెక్కలు చూసే లైబ్రరీ ఒకటి కావాలి, అసలు అలాంటిది ఎవరైనా రాశారో లేదో తెలియదు. టెర్మినల్ వదలకుండానే ఆ సంగతి తేల్చుకోవాలన్న కోరిక నుంచే ప్యాకేజీలను వెతికే కమాండ్లు పుట్టాయి.

ముందుగా దారి వేసినవాళ్లు పెర్ల్ ప్రోగ్రామర్లు. వాళ్ల ఉమ్మడి భాండాగారం సీపాన్ 1995లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. యార్కో హియెటానియెమి దాన్ని ఫిన్లాండ్‌లోని ఫూనెట్ సర్వర్ మీద నిలబెట్టారు. ఆండ్రియాస్ కోనిగ్ రాసిన సీపాన్ షెల్ మొత్తం జాబితా ఫైలునే మన కంప్యూటర్‌లోకి దింపుకునేది. ఆపైన ఎన్నిసార్లు వెతికినా అదంతా మన దగ్గరే జరిగేది, దూరాన ఉన్న సర్వర్‌కు దాని బరువు తెలిసేది కాదు.

పైథాన్ వాళ్లది మరో దారి. ప్యాకేజీ తన గురించి తాను ఏం చెప్పుకోవాలో 2001లో పైథాన్ ప్రోగ్రామర్ కుచ్లింగ్ ఒక ప్రతిపాదనగా రాశారు: పేరు, వెర్షన్, రచయిత, వీటితో పాటు అది చేసే పనిని చెప్పే ఒక్క వాక్యం. నా దృష్టిలో ఈ కథకు ప్రాణం ఆ ఒక్క వాక్యమే. పేరు చూసి ప్యాకేజీ పని ఊహించడం చాలాసార్లు కుదరదు. ఆ మరుసటి ఏడాది రిచర్డ్ జోన్స్ కేంద్ర సూచిక కావాలని ప్రతిపాదించారు. 2003లో ఆ సూచిక పైపీఐ పేరుతో మొదలైంది. 2008లో ఇయాన్ బికింగ్ అక్కడి ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌ను తయారుచేశారు, తర్వాత అందులో సెర్చ్ కమాండ్ చేరింది.

దాని పని సూటిగా ఉండేది. మనం ఇచ్చిన మాటను పైపీఐ సర్వర్‌కు పంపి, పేరులోగానీ ఆ ఒక్క వాక్యంలోగానీ అది ఉందేమో అడిగేది. దొరికినవాటిని వరుసగా చూపించి, వాటిలో ఏదైనా మన దగ్గర ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటే ఆ వెర్షన్ కూడా పక్కనే చెప్పేది. ఎక్కడో ఎవరో తీరిక వేళల్లో రాసిన చిన్న లైబ్రరీ ముక్కూమొహం తెలియని మనిషికి ఉపయోగపడటం ఇలాంటి కమాండ్ల చలవే.

2020 డిసెంబర్‌లో పైపీఐ సెర్చ్ ద్వారం మీదికి ప్రశ్నలు వెల్లువెత్తాయి. వాటిలో ఎక్కువ భాగం మనుషులు టైపు చేసినవి కావు, యంత్రాలు ఆపకుండా పంపుతున్నవి. ఇన్‌స్టాల్‌కు వచ్చే రద్దీని పైపీఐ తట్టుకోగలదు. అడిగినవాళ్లందరికీ ఇవ్వాల్సింది అదే ఫైలు, దాని నకళ్లు దేశదేశాల్లోని సర్వర్లలో సిద్ధంగా ఉంటాయి. వెతుకులాట అలా కాదు. ఎవరి ప్రశ్న వారిది. పైగా సర్వర్‌ను అడగడానికి పిప్ వాడిన ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ పద్ధతిలో జవాబును దాచిపెట్టి మళ్లీ ఇవ్వడం కష్టం కాబట్టి, ప్రతి ప్రశ్నా అసలు సర్వర్ దాకా పోవాల్సిందే. నిర్వాహకులు ఆ సేవను ఆపారు. వెల్లువ తగ్గలేదు, తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇప్పుడు ఆ కమాండ్ కొడితే బ్రౌజర్‌లో వెతుక్కోమన్న సందేశమే వస్తుంది.

వాళ్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. సెర్చ్ కోసం ఇన్‌స్టాల్‌ను బలిపెట్టలేరు. కానీ పెర్ల్ వాళ్లలా జాబితాను దింపుకుని వెతుక్కునే వీలు పైథాన్‌కూ ఉండాల్సింది. పైపీఐలోని పేర్లన్నీ ఒకే పేజీలో ఇప్పటికీ దొరుకుతాయి, ఎవరైనా దింపుకోవచ్చు. కుచ్లింగ్ అడిగిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఆ పేజీలో లేదు.