పడని బాంబులకు విడిచిన ఇళ్లు

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూను నగరముపైకి వచ్చినప్పుడు అక్కడి జనులలో అనేకులు పరుగెత్తలేదు. వీధులలో నిలిచి, తలలెత్తి, వింత చూచినట్లు చూచినారు. అందువలన ప్రాణనష్టము ఘోరముగా జరిగినది. ఆ రేవులో బరువులు మోసి బ్రతికినవారిలో తెలుగువారు విశేషముగా ఉన్నారు. ప్రాణములు దక్కించుకొని తీరాంధ్రమునకు తిరిగివచ్చినవారు తమ కన్నులారా చూచినది ఊరూర చెప్పినారు. విశాఖపట్టణముపై బాంబు పడుటకు ముందే, రంగూనుపై పడిన బాంబులు మనవారి మనస్సులలో పడినవి.

1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి. మరునాడు, సోమవారము, విశాఖపట్టణము, కాకినాడ రేవులపై. నష్టము రంగూనుతో పోల్చదగినది కాదు. కాని ఊరు నిలువలేదు. మూటాముల్లె సర్దుకొని, పిల్లాజెల్లలతో, దొరికిన బండిలో దొరికిన చోటికి జనులు తరలిపోయినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతము గుంటూరుకు తరలినది.

ఇంతవరకు మేము ఎవరినీ ఆక్షేపింపము. రేవుప్రక్కన కాపురమున్నవాడు ఆలుబిడ్డలను నాలుగు దినములు మెరకప్రాంతమునకు పంపుట భయము కాదు, ముందుచూపు. మాకు ఆశ్చర్యము కలిగించునది అటుపిమ్మట చెన్నపట్టణమున జరిగిన కథ.

ఆ నెలలో చెన్నపురి సగము ఖాళీ అయినది. ప్రభుత్వ కార్యాలయములే కొన్ని లోపలి పట్టణములకు మారగా, చూచినవారికి ఇక చెప్పవలసినదేమున్నది? దొరలే పోవుచున్నారు, మనమెంత అన్నారు. పీపుల్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో సింహములను, పులులను, చిరుతలను, ఎలుగులను, బాంబు పడిన బోనులు విరిగి అవి ఊరిమీద పడునేమోయని, తుపాకులతో కాల్చి చంపించినారు. బాంబు పడలేదు; బోనులు విరుగలేదు.

ఆ దినములలోనే ఎందరో గృహస్థులు తాతలనాటి ఇళ్లను, తోటలను అయినకాడికి అమ్మివేసినారు. ఈ అమ్మకమును కొంచెము విచారించి చూడవలె. బాంబు పడునని భయమా? ప్రాణమును కాపాడుకొనుటకు ఊరు విడిచిన చాలును. ఇల్లు అమ్మినందువలన బాంబు తప్పదు. పడినను నేల ఎక్కడికిని పోదు. శత్రువు వచ్చి రాజ్యమేలునని భయమా? అట్లయిన చేతికి వచ్చిన కాగితపు నోట్లకు ఆ రాజ్యమున విలువ ఏమి? ఏ విధముగా చూచినను ఆ అమ్మకము ఆ భయమునకు మందు కాదు. అయినను ఏదో ఒకటి చేసితిమన్న ఊరట దానిలో ఉన్నది. ఆ ఊరటకే వారు ఇల్లు ధారపోసినారు. అమ్మినవారు ఉన్నచోట కొన్నవారును ఉన్నారు గదా. వారికిని ఆకాశము అదే, సముద్రము అదే. యుద్ధము ముగిసిన పిదప ఆ వీధులలో యజమానులైనవారు వారే.

మరియొక సంగతి. ఏప్రిల్ 9న తిరుకోణమలపై దాడి చేసిన తరువాత జపాను నౌకాబలము హిందూమహాసముద్రమును విడిచి తూర్పునకు మరలిపోయినది. జూనులో మిడ్వే వద్ద జపానుకు చెందిన నాలుగు పెద్ద విమానవాహక నౌకలు మునిగినవి. చెన్నపురివాసులు రైలుపెట్టెలలో కిక్కిరిసి ఊరు విడుచుచున్నప్పుడు పాము అప్పటికే ఇల్లు దాటిపోయినది. కాని యుద్ధకాలమున నౌకల జాడ ఎవరు చెప్పుదురు? చెప్పవలసినవారు మౌనము వహించిన చోట వదంతి నోరు తెరచును. రేడియో యంత్రము ఉన్న ఇల్లు అప్పుడు వీధికి ఒకటియైనను లేదు. ఉన్న ఇంట విన్న వార్త నాలుగిళ్లు దాటునప్పటికి ఒక ఓడ పది ఓడలగుట వింతకాదు.

వెళ్లినవారిలో చాలమంది కొన్ని నెలలకు ఒక్కొక్కరే తిరిగివచ్చినారు. అమ్ముకొన్నవారు తమ వీధిలోనే అద్దెయిల్లు వెదకుకొనవలసివచ్చినది.

చెన్నపురిపై జపాను బాంబులు నిజముగా పడినది 1943 అక్టోబరులో. ఒకే ఒక విమానము రాత్రివేళ వచ్చి కొన్ని బాంబులు విడిచి వెళ్లినది. ఆ నెలలో నగరము కుండపోత వానలతో, కూవము వరదతో సతమతమగుచున్నది. ఈసారి ఊరు కదలలేదు.