ఉత్తరాంధ్రలో పర్యాటక వీసా దరఖాస్తు

పర్యాటక వీసా అనగా విహారయాత్ర, బంధుమిత్రుల సందర్శన వంటి పనులపై పరిమిత కాలం తమ దేశంలో ఉండుటకు ఒక దేశం విదేశీయులకు ఇచ్చే అనుమతి. దీనితో ఉద్యోగం చేయుటకు వీలులేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ వీసా కోరేవారిలో విదేశాలలో స్థిరపడిన పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు ముఖ్యులు. ఈ ప్రాంతంలో వలస ఎక్కువగా ఉన్నందున, ఉద్యోగాల పేరిట పర్యాటక వీసాపై మనుషులను తరలించే మోసాలు కూడా జరుగుతున్నాయి.

చరిత్ర

ఈ ప్రాంత ప్రజలకు విదేశీయానం కొత్త కాదు. బ్రిటిషు కాలంలో కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి అనేకులు ఓడలలో రంగూను వెళ్ళి మిల్లులలోను, రేవులోను కూలిపని చేసేవారు. అప్పట్లో బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరుపడింది. భారతదేశంలో పాస్‌పోర్టు నిబంధనలపై 1920లో ఒక చట్టం చేయగా, ప్రస్తుతం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం అమలులో ఉన్నది. ఇటీవలి దశాబ్దాలలో ఉద్దానం ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు, చదువుకున్న యువత నుండి అమెరికా, ఐరోపా దేశాలకు వలస పెరిగింది.

పాస్‌పోర్టు

వీసా దరఖాస్తుకు మూలపత్రం పాస్‌పోర్టు. ఈ రెండు జిల్లాలు విశాఖపట్నంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో తపాలా కార్యాలయ పాస్‌పోర్టు సేవా కేంద్రాలు కలవు. పెద్దలకు ఇచ్చే సాధారణ పాస్‌పోర్టు పదేళ్ళు చెల్లుతుంది. అయితే అనేక దేశాలు ప్రయాణ తేదీ నుండి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని కోరుతాయి. కనుక గడువు చివరి సంవత్సరంలో ఉన్నవారు ముందుగా పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకొనుట మేలు. పాత పాస్‌పోర్టులపై వీసాలు ఉంటే వాటిని కూడా భద్రపరచాలి.

1989 జనవరి 26న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు పాస్‌పోర్టు కొరకు జనన ధ్రువపత్రం మాత్రమే చూపాలన్న నిబంధనను 2016 డిసెంబరులో సడలించారు. పదవ తరగతి ధ్రువపత్రం, పాన్ కార్డు వంటివి కూడా అంగీకరిస్తున్నారు. 2025లో చేసిన సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1న లేదా తరువాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం.

పేరు, పుట్టిన తేదీలలో తేడాలు

తెలుగువారి దరఖాస్తులలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరు. ఇంటిపేరు ఒక పత్రంలో పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. వివాహం తరువాత స్త్రీల ఇంటిపేరు కొన్ని పత్రాలలో మారి, మరికొన్నిటిలో పుట్టింటి పేరే మిగులుతుంది. బ్యాంకు ఖాతా, భూమి పత్రాలు, ఆధార్, పాస్‌పోర్టు నాలుగూ నాలుగు రకాలుగా ఉన్న సందర్భాలు అరుదు కావు. పెద్ద వయసు వారిలో బడిలో చేర్చునపుడు ఉజ్జాయింపుగా వేసిన తేదీయే పుట్టిన తేదీగా నిలిచిపోయినవారు, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉన్నవారు కలరు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మరొక ఇబ్బంది కలదు. ఒకే పేరున్న పాస్‌పోర్టుదారులను పర్యాటక, సందర్శక వీసాలపై అనుమతించబోమని ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండవ పుటలో తండ్రి పేరు లేదా కుటుంబ నామం ఉంటే అంగీకరిస్తామని తరువాత వివరణ ఇచ్చింది. అమెరికా వీసాలలో అసలు పేరు గడి ఖాళీగా ఉన్నచోట "ఎఫ్.ఎన్.యు." అని ముద్రిస్తారు. ఇటువంటి తేడాలను దరఖాస్తుకు ముందే సరిచేసుకోవాలి. చిన్న తేడాలకు నోటరీ చేయించిన అఫిడవిట్‌ను జతపరచే పద్ధతి కలదు.

ఆర్థిక పత్రాలు

ప్రయాణ ఖర్చు భరించగలరని, తిరిగి స్వదేశానికి వస్తారని నమ్మకం కలిగించుట ఈ పత్రాల ఉద్దేశం. సాధారణంగా కోరేవి:

* గత మూడు నుండి ఆరు నెలల బ్యాంకు ఖాతా వివరాలు
* ఆదాయపు పన్ను రిటర్నులు
* ఉద్యోగులకు జీతపు చీటీలు, సెలవు మంజూరు పత్రం. ప్రభుత్వోద్యోగులకు నిరభ్యంతర పత్రం
* విశ్రాంత ఉద్యోగులకు పింఛను పత్రాలు
* వ్యాపారులకు వ్యాపార నమోదు పత్రాలు

దరఖాస్తుకు కొద్ది రోజుల ముందు ఖాతాలో పెద్ద మొత్తం జమ చేస్తే అది అనుమానానికి తావిస్తుంది. అయితే రైతుల ఆదాయం సహజంగానే పంట చేతికి వచ్చినపుడు ఒక్కసారిగా జమ అవుతుంది. వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేనందున చాలామంది రైతులకు రిటర్నులు కూడా ఉండవు. ఉద్దానంలోని జీడి, కొబ్బరి తోటల యజమానులు ఇందుకు ఉదాహరణ. వీరు పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ నకళ్ళతో పాటు పంట అమ్మిన రసీదులను చేర్చి, జమ అయిన సొమ్ము ఎక్కడిదో ఒక లేఖలో వివరించుట ఉపయోగకరం. తెలుగులో ఉన్న పత్రాలకు, ఇచ్ఛాపురం వైపు ఒరియాలో ఉన్న పాత పత్రాలకు ఆంగ్ల అనువాదం జతచేయాలి.

వివిధ దేశాల నిబంధనలు

అమెరికా: పర్యాటకులకు బి-2 తరగతి వీసా ఇస్తారు. డి.ఎస్.-160 అనే ఫారమును అంతర్జాలంలో నింపాలి. ఛాయాచిత్రం 2 అంగుళాల చదరంగా ఉండాలి. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ప్రారంభమయ్యే వరకు ఇక్కడివారు ఇంటర్వ్యూకు చెన్నై వెళ్ళేవారు. శ్రీకాకుళం నుండి హైదరాబాదు 700 కిలోమీటర్లకు పైగా దూరం. కనుక ఒక్క కాగితం మరచినా ప్రయాణం, ఖర్చు వృథా కావచ్చు. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షను ప్రకారం, దరఖాస్తుదారు తిరిగి వెళ్తారని నిరూపించుకోనంత వరకు వలస ఉద్దేశం ఉన్నట్లే భావిస్తారు. పిల్లలు పంపే ఆహ్వాన లేఖ తప్పనిసరి కాదు. నిర్ణయం ప్రధానంగా ఇంటర్వ్యూపై ఆధారపడుతుంది. వీసా పదేళ్ళు చెల్లినా, ప్రతి పర్యాయం ఎన్ని రోజులు ఉండవచ్చునో విమానాశ్రయ అధికారి నిర్ణయిస్తారు.

షెంజెన్ దేశాలు: ఒకే వీసాతో 29 ఐరోపా దేశాలలో పర్యటించవచ్చు. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి; రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు స్వీకరిస్తారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, బస వివరాలు, 35×45 మి.మీ. ఛాయాచిత్రం అవసరం. పెద్దలకు రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు.

బ్రిటన్: సందర్శక వీసాపై సాధారణంగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. తప్పుడు పత్రాలు సమర్పించినట్లు తేలితే పదేళ్ళ వరకు నిషేధం విధించే వీలున్నది.

పర్యాటక వీసాపై ఉద్యోగ మోసాలు

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. వీరు గల్ఫ్ దేశాలు, మలేషియా తదితర 18 దేశాలకు ఉద్యోగంపై వెళ్ళాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఉద్యోగేతర ప్రయాణాలకు ఈ అనుమతి అవసరం లేదని 2007 అక్టోబరు నుండి సడలించారు. చెల్లుబాటు అయ్యే వీసా, తిరుగు టికెట్టు చూపితే చాలు. అక్రమ ఏజెంట్లు ఈ సడలింపును వాడుకొని కూలీలను సందర్శక వీసాపై పంపుతుంటారు. అలా వెళ్ళినవారికి పని ఒప్పందం ఉండదు. జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయుట కష్టం. గడువు దాటితే జరిమానా, నిర్బంధం ఎదురవుతాయి.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి ఒక ముఠాను బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ సైబరు నేరాలు చేయించినట్లు తేలింది. అదే నెలలో కంబోడియాలో చిక్కుకున్న భారతీయులు ఆందోళనకు దిగగా, భారత రాయబార కార్యాలయం సహాయంతో పలువురు తిరిగి వచ్చారు.

ఉద్యోగం ఇస్తామనేవారు పర్యాటక వీసా చేతికిస్తే అది మోసమనుటకు మొదటి గుర్తు. ఏజెంటు నమోదును ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. విదేశంలో చిక్కుకున్నవారి కుటుంబాలు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇందుకు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు నకళ్ళు అవసరమవుతాయి కనుక ప్రయాణానికి ముందు ఒక ప్రతిని ఇంటివద్ద ఉంచుట మంచిది.

ఇవి కూడా చూడండి

* పాస్‌పోర్టు
* శ్రీకాకుళం జిల్లా
* విజయనగరం జిల్లా
* ఉద్దానం