బందరు నోబుల్ పాఠశాల: మార్పును నడిపిన బోధకుడు, మూసియుంచిన తలుపు

2022లో ప్రభుత్వ ఉత్తర్వు 117 ప్రకారం అనేక ప్రాథమిక పాఠశాలల నుండి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిరి. ఆ దినములలో నర్సీపట్నం ప్రాంతపు మా సంఘములలోని ఉపాధ్యాయులు ఆరాధన ముగిసిన తరువాత కూడ ఆ సంగతే మాటలాడుకొనెడివారు. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది. ఈ మూడేండ్లలో మేము ఎక్కువగా వినినది ఉత్తర్వును గూర్చి కాదు, ప్రధానోపాధ్యాయులను గూర్చి. ఒకరు కాగితము చదివి సంతకము పెట్టించుకొని ఊరకుండిరి. మరొకరు తామే చిన్నపిల్లల తరగతిలో నిలువబడిరి. ఈ తేడాను తలంచినప్పుడు మాకు బందరు జ్ఞాపకమునకు వచ్చినది.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి మచిలీపట్నం చేరెను. ఫాక్స్ ఊరూరా తిరిగి సువార్త ప్రకటించెను. నోబుల్ బడిని ఎన్నుకొనెను. 1843 నవంబరులో పాఠశాల తెరువబడినది. ఆయన ఉద్దేశము అగ్రవర్ణముల బాలురకు ఇంగ్లీషు విద్యతో పాటు బైబిలు బోధించుట. అందుకొరకు మాల మాదిగ పిల్లలను చేర్చుకొనకూడదని నిశ్చయించుకొనెను. సంఘములో కులభేదము ఉండరాదని బిషప్ డేనియల్ విల్సన్ 1833లోనే ఆజ్ఞాపించియుండగా, నోబుల్ ఈ నిర్ణయము తీసికొనుట గమనార్హము. బడి సంఘము కాదని ఆయన వాదము. ఆ వాదము మాకు రుచింపదు. అయినను, ఆ దినములలో మరియొక విధముగా తెరచినయెడల ఆ బడికి బ్రాహ్మణ బాలుడు ఒక్కడైనను వచ్చియుండునా అని అడిగినవారికి మా యొద్ద సులువైన జవాబు లేదు.

1852లో అసలు మార్పు వచ్చెను. మంచాల రత్నం, అయినాల భూషణం అను ఇద్దరు విద్యార్థులు నోబుల్ ఇంటికి వచ్చి బాప్తిస్మము కోరిరి. పట్టణము అల్లకల్లోలమాయెను. తలిదండ్రులు పిల్లలను మానిపించగా బడి దాదాపు ఖాళీ అయినది. పదేండ్ల కష్టము కొన్ని దినములలో పోయినదని ఎవరైనను అనుకొందురు. నోబుల్ బడిని మూయలేదు, బైబిలు గంటను తీసివేయలేదు, ఆ యువకులను దాచి తప్పించుకొనలేదు. మిగిలిన కొద్దిమందికే పాఠము చెప్పుచు కూర్చుండెను. కాలక్రమమున పిల్లలు మరల వచ్చిరి.

మా దృష్టికి ఇంతకంటె ముఖ్యమైనది తరువాత జరిగినది. రత్నం, భూషణం అదే పాఠశాలలో ఉపాధ్యాయులైరి. 1864లో ఇద్దరును గురువులుగా అభిషేకము పొందిరి. ఏ ఇద్దరి వలన బడి ఖాళీ అయినదో, ఆ ఇద్దరే బడిలో నిలిచి పాఠములు చెప్పిరి. తన తోటి బోధకులు ఏమి మోయవలెనని కోరెనో దానిని నోబుల్ ముందుగా తానే మోసెను. ఇరువదినాలుగు సంవత్సరములు ఒక్కసారియైనను స్వదేశమునకు వెళ్ళలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుప్రక్కల సుమారు 30,000 మంది చనిపోయిరి. ఆ మరుసటి సంవత్సరము అక్టోబరులో నోబుల్ కన్నుమూసెను.

సంఘచరిత్ర తరగతులలో మనము సాధారణముగా ఇక్కడ ఆగుదుము. అయితే 1859లో, నోబుల్ ఇంకను జీవించియుండగానే, రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు బాప్తిస్మము పొందెను. ఆయన వెంట వందలాది మంది వచ్చిరి. తెలుగు సంఘము నిజముగా పెరిగినది ఆ దిక్కునుండియే. బందరు బడిలో ఎవరి పిల్లలకు చోటు లేకపోయెనో వారి యింటనుండియే సంఘము వచ్చెను. నోబుల్ ధైర్యమును చెప్పి ఈ మాట చెప్పకుండుట సగము చరిత్రయే.

ఈ విషయములో కాకినాడను ప్రక్కన పెట్టి చూడవలెను. నోబుల్ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904లో పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్ అయిరి. ఆయన బ్రహ్మసమాజికుడు, మన సంఘస్థుడు కాడు. 1919 వరకు ఆ పదవిలోనుండి, ఆడపిల్లలను మగపిల్లలతో సమముగా చేర్చుకొనిరి. పంచమ విద్యార్థులకు తరగతిలో చోటిచ్చిరి. పిఠాపురం మహారాజా తోడ్పాటు లేనియెడల ఇది సాగెడిది కాదు, అది ఒప్పుకొనవలెను. నోబుల్‌కు అటువంటి అండ లేదు. అయినను అధ్యాపకులు ఆయన వెంట నడుచుటకు రాజుగారి ధనము ఒక్కటే చాలదు. నాయుడుగారు ప్రిన్సిపాల్ గదిలో మాత్రమే కూర్చున్నవారు కారు, ఇంగ్లీషు పాఠము స్వయముగా చెప్పినవారు. పంచమ పిల్లవాడు కూర్చున్న తరగతికి ముందుగా తానే వెళ్ళెడి ప్రిన్సిపాల్‌ను చూచి, మిగిలిన అధ్యాపకుడు ఏ ముఖముతో వెనుదీయగలడు?

ఒక క్రైస్తవ మిషనెరీ మూసియుంచిన తలుపును ఒక బ్రహ్మసమాజికుడు తెరచెను. ఈ మాట వ్రాయుట మాకు సులభము కాలేదు. ఇదే మాట మా సంఘపు ఉపాధ్యాయులతో చెప్పినప్పుడు, ఉద్యోగవిరమణకు దగ్గరపడిన ఒక ప్రధానోపాధ్యాయురాలు, "అయ్యగారూ, నోబుల్ దొరగారి ఖాళీ తరగతి నాకు తెలుసు. ఆయన చేర్చుకోని పిల్లల్లో మా తాతయ్య కూడా ఉండేవాడేమో" అనిరి.