పొడి పళ్లెం, తడి పళ్లెం

నీటిలోనే పుట్టి నీటిలోనే పెరిగే చేపకు, గుడ్డు ఫలించే వేళ నీరే అడ్డు కాగలదన్న సంగతిని గ్రహించడానికి మత్స్యశాస్త్రానికి దాదాపు నూరేళ్లు పట్టింది. పద్దెనిమిదో శతాబ్దం నడిమి కాలంలో జర్మనీలోని లిప్పె సంస్థానానికి చెందిన స్టీఫన్ లుడ్విగ్ జాకోబి, ట్రౌట్ చేపల గుడ్లను నీళ్లున్న పాత్రలోకి పిండి, దానిలోనే మగచేప వీర్యాన్ని కలిపి, ఆ గుడ్లను గులకరాళ్లు పరచిన చెక్కపెట్టెలో ఉంచి, పెట్టె గుండా వాగునీరు పారేటట్లు చేశాడు. ప్రకృతిని అనుకరించిన ఈ పద్ధతిలో పిల్లలు పుట్టిన మాట నిజమే గాని, ఫలించక తెల్లబడి పాడయ్యే గుడ్లు చాలా ఎక్కువగా ఉండేవి.

రష్యాలోని నికోల్స్కోయె గ్రామంలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పిన వ్లదీమిర్ వ్రాస్కీ, 1856 ప్రాంతంలో సూక్ష్మదర్శిని సాయంతో ఈ నష్టానికి కారణాన్ని పట్టుకున్నాడు. వీర్యకణాలు మగచేప దేహంలో కదలకుండా ఉంటాయి. ట్రౌట్ జాతిలో వీర్యద్రవంలోని పొటాషియం వాటిని ఆపి ఉంచుతుంది, నీరు కలిసి అది పలచబడగానే అవి చురుకుగా ఈదసాగుతాయి, అయితే ఆ ఈత నిమిషం కూడా సాగదు. అదే సమయంలో గుడ్డు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, వీర్యకణం లోపలికి వెళ్లవలసిన ఏకైక సూక్ష్మద్వారం మూసుకుపోతుంది. అందుచేత వ్రాస్కీ గుడ్లను పొడి పళ్లెంలోకి పిండి, వాటిపై వీర్యాన్ని కలిపిన తర్వాతే నీరు పోశాడు. చూపుకు చిన్న మార్పే గాని, జాకోబి పెట్టెకన్నా దీని విలువ ఎక్కువ. అయినా ఈ ‘పొడి పద్ధతి’ అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది 1870 దాటిన తర్వాతే.

నీరు ఎప్పుడు పోయాలన్నది తేలిన తర్వాత ఎలాంటి నీరు పోయాలన్న ప్రశ్న మిగిలింది. దక్షిణ నార్వేలో సాల్మన్ గుడ్లు, పిల్లలు పెద్దయెత్తున చనిపోవడానికి నీటి ఆమ్లత్వం కారణమని 1920ల నాటికి గుర్తించి, సున్నపురాతి వడపోతతో దాన్ని తగ్గించసాగారు. ఒండ్రు గుడ్లపై పేరుకుంటే పిండానికి ప్రాణవాయువు అందదు; చచ్చిన గుడ్లపై పెరిగే బూజు పక్కనున్న మంచి గుడ్లకూ పాకుతుంది.

భారతదేశంలో 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, పీయూషగ్రంథి రసం ఎక్కించి కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించిన తర్వాత ఈ విద్యకు కొత్త ఊపు వచ్చింది. బొచ్చె, శీలావతి, మోసు చేపలను పిండి ఫలింపజేయవలసి వచ్చినప్పుడు గుడ్లను, వీర్యాన్ని పొడి పళ్లెంలో పక్షి ఈకతో కలిపి, ఆ తర్వాతే శుభ్రమైన నీరు పోస్తారు. కొన్ని గంటల్లోనే ఫలించిన గుడ్డు గాజుపూసలా పారదర్శకంగా మిగులుతుంది, ఫలించనిది పాలతెలుపుకు తిరుగుతుంది.